నాలుగో కౌంటర్లో ఇవ్వని ఫారం

సాంతుర్సే, సాన్ హువాన్
9 ఫిబ్రవరి 1992

దీవించు, మామయ్యా.

కారు ఎలా ఉంది? ముందు దాని సంగతి అడక్కపోతే అలుగుతావు కదా. తర్వాత నీ మోకాలు ఎలా ఉంది? నేను బాగానే ఉన్నాను. హోటల్ లాండ్రీలో నన్ను పగటి షిఫ్టుకు మార్చారు. దుప్పట్లు మడతపెట్టడంలో నన్ను మించినవాళ్ళు లేరని మా సూపర్‌వైజర్ అంటుంది. కాలేజీలో చదివిన రోజుల్లో ఏ విషయంలోనూ నా గురించి ఎవరూ ఈ మాట అనలేదు.

అసలు సంగతికొస్తాను. బెల్మోంతే కాలేజీలో ల్యాబ్ టెక్నీషియన్ కోర్సుకు ట్రాన్స్‌ఫర్ అడిగాను కదా, కాదన్నారు. వేరే కాలేజీ నుంచి వచ్చేవాళ్ళకు గ్రేడుల సగటు 2.00 ఉండాలట. నా పాత కాలేజీ సాన్ తెల్మో వాళ్ళు పంపిన జాబితాలో నాది 1.60. అడ్మిషన్ల ఆఫీసులో సెన్యోరా కిన్యోనెస్ అని ఒకావిడ ఉంది. నా మొహం చూసి జాలిపడిందో ఏమో, కాలిక్యులేటర్ తీసి నా ఎదురుగానే మళ్ళీ లెక్క కట్టింది. 1990 చివరి సెమిస్టర్‌లో ఉన్న ఐదు ఎఫ్‌లు లేకపోతే నా సగటు 2.13. "గొప్పేం కాదమ్మాయ్, కానీ గుమ్మం దాటుతావు" అంది.

ఆ సెమిస్టర్ నేను ఒక్క పరీక్షా రాయలేదు. సెప్టెంబరులో అమ్మకు గొంతు ఆపరేషనై మాట పోయింది, నేను హయూయా వచ్చేశాను. తర్వాత ఒక రోజు పోన్సేలో కాలేజీకి వెళ్ళి, ఆ సెమిస్టర్ మానుకుంటున్నట్టు విత్‌డ్రా ఫారం నింపి, డిపార్ట్‌మెంట్ హెడ్ సంతకం, ముద్ర వేయించాను. అప్పటికి రిజిస్ట్రార్ ఆఫీసు మూసేశారు. నువ్వు రోజూ కారులో జనాన్ని ఎక్కించుకుని పోన్సే వెళ్తావు కాబట్టి, నాలుగో కౌంటర్లో ఇవ్వమని నీ చేతికిచ్చాను. ఇచ్చేశానన్నావు. తర్వాత అడిగితే ఆఫీసువాళ్ళు మాకసలు రాలేదన్నారు. అమ్మ పోయి రెండు నెలలు కూడా కాలేదు, పోట్లాడే ఓపిక లేక ఊరుకున్నాను. దాని ఫలితం ఇప్పుడు అనుభవిస్తున్నాను.

సాన్ తెల్మోలో ఒక కమిటీ ఉందట. ఫారం గడువులోగా తయారైందని రుజువు చూపిస్తే ఎఫ్‌లు తీసేస్తారు. రుజువు అందడానికి ఆఖరి రోజు ఏప్రిల్ 10, మధ్యాహ్నం పన్నెండు. అందుకే అడుగుతున్నాను. ఆ రోజు ఫారం ఎవరు తీసుకున్నారు? రసీదులాంటిది ఏమైనా ఇచ్చారా? బాగా గుర్తు చేసుకో.

ఇంకో మాట. అమ్మ రాసిన కాగితాలేమైనా నీ దగ్గరున్నాయా? మాట పోయాక కేలెండర్ వెనకా, రొట్టె సంచుల మీదా పెన్సిల్‌తో రాసి చూపించేది కదా. అమ్మ పోయిన తొమ్మిది రోజుల ప్రార్థనలయ్యాక చుట్టాలు ఇల్లు శుభ్రం చేస్తూ అన్నీ పారేశారు. నా దగ్గర ఒక్కటీ లేదు.

నీ మేనకోడలు
ఇవెలిస్

*

హయూయా
17 ఫిబ్రవరి 1992

దేవుడు నిన్ను చల్లగా చూడాలి, తల్లీ.

కారు నాకంటే బాగుంది. మోకాలు వర్షం వచ్చే ముందు చెబుతుంది, రేడియో కంటే నయం. కారెక్కినవాళ్ళందరూ నీ గురించే అడుగుతారు. దోన్యా ఎర్మీనియా నిన్న "మీ చదువులమ్మ ఏం చేస్తోంది?" అంది. "సాన్ హువాన్‌లో రసాయనాలతో పని చేస్తోంది" అన్నాను. సబ్బు నురగ కూడా రసాయనమే కదా, అబద్ధమేముంది?

మా అద్దె కార్ల లైన్‌లో అంతా మామూలే. గోయో ఇంకా చివరి నంబరే. మూడేళ్ళ కిందట వాడు వరిబీజం ఆపరేషన్‌కు వెళ్తూ, పెద్దమనిషిలా "రెండు నెలలు రాను" అని చెప్పి జాబితాలో పేరు కొట్టేయించుకున్నాడు. తిరిగొచ్చేసరికి పద్నాలుగేళ్ళ చోటు పోయింది, కొత్తవాళ్ళ వెనక నిలబడ్డాడు. చెప్పకుండా ఇంట్లో పడుకుని ఉంటే నంబరు నంబరులాగే ఉండేది. మా లైన్‌లో మంచితనానికి దక్కే మర్యాద అది.

నువ్వడిగిన ఫారం ఇచ్చాననే గుర్తు. బట్టతలాయన ఒకడు తీసుకున్నాడు. రసీదు ఇవ్వలేదు. ఆఫీసుల్లో కాగితాలు పోవడం వింతేమీ కాదు. నువ్వు దిగులుపడకు. అడగందే అమ్మైనా పెట్టదంటారు కాబట్టి నేనే మన మేయరుగారిని అడిగాను. ఆయన ముద్రేసి ఉత్తరం రాసిచ్చాడు, "ఈ అమ్మాయి మంచి కుటుంబం పిల్ల" అని. దాన్నీ, మన కొండ కాఫీగింజలు ఐదు పౌన్లూ నీ సెన్యోరా కిన్యోనెస్ పేరున నేరుగా కాలేజీకే పంపించాను. మన కాఫీ తాగాక కాదనే మనిషి ఈ ద్వీపంలో పుట్టలేదు.

మీ అమ్మ కాగితాల సంగతి చూస్తాను.

నీ మామయ్య
అన్సెల్మో

*

సాంతుర్సే
1 మార్చి 1992

దీవించు, మామయ్యా.

ఎంత పని చేశావు! సెన్యోరా కిన్యోనెస్ నన్ను పిలిపించి కాఫీ సంచీ బల్ల మీద పెట్టింది. "నేను నీకు సాయం చేద్దామనుకున్నాను. ఇప్పుడు నేనేం చేసినా కాఫీ తీసుకుని చేశానంటారు" అంది. ఆఫీసులో అందరూ తలలు తిప్పి చూశారు. మేయరుగారి ఉత్తరం కూడా తిరిగిచ్చేసింది. ఆయన నా పేరే తప్పు రాశాడు. సంచీ మోసుకుంటూ రెండు బస్సులు మారి ఇంటికొచ్చాను. దారి పొడుగునా బస్సంతా మన వంటిల్లులా వాసనొచ్చింది, ఏడుపొచ్చింది. మా ఇంటి ఓనరు దోన్యా కాందిదాకిచ్చాను, ఆవిడ ఒక్కతే సంతోషించింది.

మొన్న సెలవు పెట్టి పోన్సే వెళ్ళాను. నీకు చెప్పలేదు, హయూయా కూడా రాలేదు. సాన్ తెల్మోలో నాలుగో కౌంటర్ ముందు నిలబడి బట్టతలాయన గురించి అడిగాను. లోపల ముగ్గురు ఆడవాళ్ళు. పన్నెండేళ్ళుగా ఆ ముగ్గురే అక్కడున్నారట. "మగాళ్ళని ఇక్కడ కూర్చోనివ్వం, ఫైళ్ళు తలకిందులు చేస్తారు" అని నవ్వారు. వచ్చిన ప్రతి ఫారం రాసే పెద్ద పుస్తకం ఉంది. 1990 సెప్టెంబరు, అక్టోబరు పేజీలు నాచేతనే తిప్పించారు. నా పేరు లేదు.

నేనేం తెలివైన విద్యార్థిని కాదు మామయ్యా. కెమిస్ట్రీలో సి తెచ్చుకుని పండగ చేసుకున్నదాన్ని. కానీ ల్యాబ్‌లో సూక్ష్మదర్శిని ముందు కూర్చున్నప్పుడు నాకు టైము తెలిసేది కాదు. నాకొచ్చిన పని అదొక్కటే. ఆస్పత్రిలో అమ్మ రక్తం తీసుకెళ్ళిన అమ్మాయిని చూసినప్పుడే అనుకున్నాను, నేనూ ఈ పనే చేస్తానని. ఆ ఐదు ఎఫ్‌లు పోకపోతే నన్ను ఏ కాలేజీ తీసుకోదు. ఇప్పటికి మూడు కాలేజీలు అడిగాను, మూడూ కాదన్నాయి.

నిజం చెప్పు. ఆ ఫారం ఏమైంది?

ఇవెలిస్

*

హయూయా
8 మార్చి 1992

దేవుడు నిన్ను చల్లగా చూడాలి, తల్లీ.

ఇవ్వలేదు.

ఈ ఒక్క మాట రాయడానికి నాలుగు కాగితాలు చింపాను. ఫారం నా దగ్గరే ఉంది. ఆ రోజు పోన్సే తీసుకెళ్ళాను, మళ్ళీ ఇంటికి తెచ్చాను. మర్నాడూ అంతే చేశాను. తర్వాత కారులో కన్యమరియమ్మ బొమ్మ వెనక పెట్టేశాను.

నాకు తెలిసిందల్లా మా లైన్ పద్ధతి. పేరు కొట్టేయించుకున్నవాడి చోటు పోతుంది, చెప్పకుండా ఊరుకున్నవాడి చోటు ఉంటుంది. ఆ కాగితం ఇస్తే నీ కుర్చీ ఇంకొకళ్ళకి ఇచ్చేస్తారనుకున్నాను. ఇవ్వకపోతే అది నీకోసం ఖాళీగా ఉంటుందనుకున్నాను. మన ఇంట్లో కాలేజీ గుమ్మం తొక్కింది నువ్వొక్కదానివే. నీ పేరు మీద నా చేత్తో గీత గీయించలేకపోయాను. రాకపోతే సున్నాలు వేస్తారని నాకెవరు చెప్పారు? నేనెవర్ని అడిగాను? చదివింది ఐదో తరగతి.

జనవరిలో నువ్వు మార్కులు చూసుకుని వచ్చి, మెట్ల మీద కూర్చున్నావు. అప్పుడే చెప్పాల్సింది. మీ అమ్మ పోయిన దుఃఖం చాలదా, దీన్ని కూడా నీ నెత్తిన పెట్టడమెందుకని ఊరుకున్నాను. అబద్ధమాడాను. బట్టతల మనిషిని కల్పించాను. తప్పంతా నాదే, ఇంకెవరిదీ కాదు.

అన్సెల్మో

*

సాంతుర్సే
15 మార్చి 1992

అన్సెల్మో మామయ్యకు,

ఉత్తరం అందింది.

ఏడాదికి పైగా నేను ఆ ఆఫీసువాళ్ళని తిట్టుకున్నాను. చదువు మీద మనసు పెట్టలేకపోయానని నన్ను నేను తిట్టుకున్నాను. రోజూ మీరు ఆ కాగితాన్ని కారులో పెట్టుకుని కాలేజీ ముందు నుంచే వెళ్ళారు. ఒక్కసారి కారాపి, ఒక్క మనిషిని అడిగి ఉంటే నాకీ గతి పట్టేది కాదు. మీరు ఊళ్ళో అందరికీ దారి చెబుతారు.

ఫారం వెంటనే కమిటీకి చేరాలి. దాని మీద హెడ్ సంతకం, తేదీ ముద్ర ఉన్నాయి. రుజువుగా అదొక్కటి చాలు.

ఇవెలిస్

*

హయూయా
22 మార్చి 1992

దేవుడు నిన్ను దీవించాలి. నువ్వు అడగలేదు, నేను ఇస్తున్నాను.

నీకు మాటలొచ్చినప్పటి నుంచి దీవెన అడక్కుండా నా ముందు నిలబడింది లేదు. తట్టు పోసినప్పుడు కూడా మంచం మీద నుంచి "దీవించు" అన్నావు. మీరు, గీరు అంటే నాకు మునిసిపాలిటీ నోటీసు చదివినట్టుంది. అయినా నాకు దక్కాల్సిందే దక్కింది.

ఫారం ముందు వైపు మందుల షాపులో జిరాక్స్ తీయించి కమిటీకి పోస్టు చేశాను. సంతకం, ముద్ర, తేదీ అన్నీ కనిపిస్తున్నాయి. అసలుది కాస్త తడిసి పాడైంది, దాన్ని పంపడం ఎందుకులే అనుకున్నాను.

దోన్యా ఎర్మీనియా నీకోసం జామపండు మిఠాయి పంపింది, లైన్ మనిషి చేత పంపిస్తున్నాను. తిను.

అన్సెల్మో

*

సాంతుర్సే
29 మార్చి 1992

అన్సెల్మో మామయ్యకు,

కమిటీ జిరాక్స్ ఒప్పుకోలేదు. హెడ్ ముద్ర ఊదారంగు సిరా, జిరాక్స్‌లో అది నల్లగా ఉంది, చెల్లదట. తడిసినా, చిరిగినా అసలుదే కావాలట.

పోస్టులో వేయవద్దు. ఏప్రిల్ 10 పన్నెండులోగా నాలుగో కౌంటర్లో ఇవ్వండి. మీరు రోజూ ఆ దారినే వెళ్తారు. ఏడాదిన్నర కిందట అడిగిన పనే మళ్ళీ అడుగుతున్నాను.

బెల్మోంతేలో నా సీటు ఆ తేదీ దాకా ఆపి ఉంచుతానని సెన్యోరా కిన్యోనెస్ మాటిచ్చింది. కాఫీ సంగతి మర్చిపోయి మరీ ఇచ్చింది. ఇది పోతే నాకు ఇంకో దారి లేదు.

ఇవెలిస్

*

హయూయా
11 ఏప్రిల్ 1992

దేవుడు నిన్ను దీవించాలి, తల్లీ.

కమిటీవాళ్ళు చెప్పకముందే నేనే చెప్పాలి. నిన్న ఇవ్వలేకపోయాను. ఈ కవరులో ఉన్నది ఆ ఫారమే. ముందు నా మాట చదువు, తర్వాత తిప్పి చూడు.

నీ ఉత్తరం వచ్చాక పది రోజులు ఆ కాగితం జేబులో పెట్టుకుని తిరిగాను. వెనక వైపు మీ అమ్మ రాత ఉంది. నువ్వు చూడకూడదని పిల్లల రబ్బరు కొన్నాను. మొదటి మాట సగం చెరిపేసరికి నా చెయ్యి ఆగిపోయింది. ఆమె గొంతు మనకి మిగిలింది అంతే కదా, దాన్ని నేనెలా చెరపను?

నిన్న శుక్రవారం పదకొండింటికల్లా నాలుగో కౌంటర్ ముందు నిలబడ్డాను. గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాను. నా ముందు పది మంది ఉన్నారు. నా వంతు పదకొండు నలభైకి వచ్చింది. కౌంటర్లో ఆవిడ మర్యాదగానే తీసుకుంది, ముందు వైపు చూసి సరేనంది. తర్వాత కాగితం తిప్పి, 'అందినది' అనే ముద్ర ఎత్తింది. ముద్ర వెనక వైపే వేస్తారట. సరిగ్గా మీ అమ్మ రాత మీద.

"ఆగు తల్లీ" అన్నాను. "ఈ కాగితం మళ్ళీ మాకిస్తారా?" అని అడిగాను. "ఇవ్వం, ఫైల్లోకి పోతుంది" అంది. "ఐదు నిమిషాలు ఆగు, వెనక వైపు జిరాక్స్ తీయించుకొస్తాను" అన్నాను. "పన్నెండుకి మూసేస్తాం, తాతా" అంది. తెలుసన్నాను.

వీధి దాటి షాపుకెళ్ళాను. కరెంటు పోయింది. మన ద్వీపంలో ఎప్పుడూ పోయేదే, నిన్న కూడా పోయింది. ఇదిగో వస్తుంది, అదిగో వస్తుందని షాపువాడు అంటూనే ఉన్నాడు. చేత్తో రాసుకుందామా అనుకున్నాను, అప్పుడది నా రాత అవుతుంది కానీ ఆమెది కాదు. పన్నెండుకి రెండు నిమిషాలుందనగా కాగితం పట్టుకుని పరిగెత్తాను. ఈ మోకాలుతో అది పరుగేమిటి? నేను చేరేసరికి షట్టరు దించేశారు. తలుపు బాదాను. గార్డు వచ్చి, "పవిత్ర వారం సెలవులు, ఈస్టర్ పండగయ్యాక రండి" అన్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఏమిటో ఆ మెట్ల మీద నిలబడ్డాక తెలిసింది.

నీ సీటు కంటే ఆ పెన్సిల్ రాత ఎక్కువని నేననుకోలేదు. రెండూ దక్కుతాయనుకున్నాను. నువ్వు నమ్మకపోయినా నాకేం కోపం లేదు.

తప్పంతా నాదేనని ముందు రాశాను. ఇప్పుడూ అదే అంటాను. నీకు ఎవరి మీదైనా కోపం ఉండాలంటే నా మీదే ఉంచుకో. నేను బతికున్నాను, తట్టుకుంటాను.

అన్సెల్మో

*

సాంతుర్సే
3 మే 1992

మామయ్యా,

కమిటీ జవాబు వచ్చింది. ఒకటే వాక్యం, గడువు దాటినందువల్ల విచారణకు తీసుకోలేమని. బెల్మోంతేలో నా సీటు వేరే అమ్మాయికిచ్చారు. సెన్యోరా కిన్యోనెస్ బయటి దాకా వచ్చి చెయ్యి పట్టుకుంది. "మళ్ళీ దరఖాస్తు పెట్టుకో" అంది. ఎన్నిసార్లు పెట్టినా ఆ సగటు మారదని ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు. ఈ సగటుతో సాన్ తెల్మో నన్ను ఎటూ తిరిగి రానివ్వదు. జూన్ నుంచి లాండ్రీలో నన్ను పర్మనెంట్ చేస్తున్నారు. సరేనన్నాను.

నీ కవరు వచ్చి మూడు వారాలవుతోంది. మొదటి వారం ఫారం తిప్పలేదు. తిప్పాక అమ్మ మీద ఎంత కోపం వచ్చిందంటే, ఆ రోజు పనికి కూడా వెళ్ళలేదు. చనిపోయినవాళ్ళ మీద కోపం వస్తే ఏం చెయ్యాలి మామయ్యా? ఉత్తరం రాయడానికి కూడా వీల్లేదు. అందుకే ఆ కోపం నీ మీదే ఉంచుకోమన్నావని అర్థమైంది.

అమ్మ మాట్లాడినవే ఫారం వెనక ఉన్నాయి. నీ మాటలు ఏ కాగితం మీదా లేవు. రోజూ చదువుతూ వాటిని నేనే ఊహించి వేసుకున్నాను. సరిపోయాయో లేదో చూడు.

"ఏమిటిది?" ఇది నువ్వు సగం చెరిపింది. నువ్వు కాగితం జేబులో పెట్టుకుంటుంటే చూసి ఉంటుంది. అమ్మ కళ్ళ ముందు నుంచి ఏదీ తప్పించుకోదు కదా.

"చదివి వినిపించు." నువ్వు చదివావు.

"ఇవ్వకు." నువ్వు "పిల్ల ఇమ్మంది, ఇవ్వాలి నిల్సా" అన్నావు.

"అది నాకోసం మానేస్తోంది. నేనెన్నాళ్ళుంటాను?" దీనికి నువ్వేమన్నావో నాకు తెలియలేదు.

"గోయోని చూడు. పేరు కొట్టేయించుకున్నాడు, చోటు పోయింది. నువ్వే కదా చెప్పావు." అప్పుడు నువ్వు "కాలేజీ పద్ధతి వేరేమో, రేపు కౌంటర్లో కనుక్కుంటాను" అన్నావు. అన్నావు, నాకు తెలుసు. ఎందుకంటే తర్వాతి మాట ఇది.

"కనుక్కోవద్దు. కనుక్కుంటే కాగితం తీసేసుకుంటారు. నా మీద ఒట్టు."

తర్వాత పెన్సిల్ గట్టిగా నొక్కి రాసింది, కాగితం చిరిగింది. "ఏడవకు. గడ్డం గీసుకో, చూడలేకపోతున్నాను."

"దానికి చెప్పకు."

అన్నిటికన్నా కింద, మూలన, చోటు చాలక చిన్న అక్షరాలతో రాసింది. "పొయ్యి మీద కందులన్నం ఉంది, తిని వెళ్ళు."

ఆ రోజు ఆ అన్నం వండింది నేనే. నేను పెరట్లో బట్టలారేస్తున్నాను. నువ్వు వంటింట్లో నిలబడే తిని, నాతో మాట్లాడకుండా కారెక్కి వెళ్ళిపోయావు. ఉప్పెక్కువైందేమో, మామయ్యకి నచ్చలేదేమో అనుకున్నాను.

ఇప్పుడు నా దగ్గర చదువు లేదు. అమ్మ రాత ఒకటి ఉంది. రెండూ ఉండాలనే నువ్వు పరిగెత్తావు. నేను ఆ కౌంటర్ ముందు ఉంటే ముద్ర వేయించేసేదాన్నని రోజూ అనుకుంటాను. మళ్ళీ ఈ కాగితం తిప్పి చూస్తాను, అప్పుడు నాకేమీ తెలియదు.

ఉత్తరం మొదట్లో అడగలేకపోయాను, చెయ్యి రాలేదు. ఇప్పుడు అడుగుతున్నాను.

దీవించు, మామయ్యా.

ఇవెలిస్